తల్లి కుండకు పురిటి స్నానం

మా మేనత్త చేతులు మణికట్టు దాకా ముదురు ఇటుకరంగులో ఉండేవి. ఒళ్ళంతా చామనఛాయ, చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టుండేవి. సీకాయ పెట్టి తోమినా, ఇసక పెట్టి రుద్దినా ఆ రంగు పోయేది కాదు. చిన్నప్పుడు ఆమె నాకు అన్నం కలిపి పెడుతుంటే, రంగు అన్నానికి అంటుతుందేమోనని ప్రతి ముద్దనీ తేరిపార చూసేదాన్ని.

"ఏందిమే, ముద్దలో ముల్లుండాదా?" అని గదమాయించేది.

అది వలల మందు రంగు. అప్పట్లో మా వైపు వలలన్నీ నూలువే. ఉప్పునీళ్ళలో నాని, ఇసకలో పొర్లి, తడి ఆరీ ఆరకముందే చుట్ట చుట్టి పడేస్తే నూలుకు బూజు పట్టి కుళ్ళిపోతుంది. అలా కాకుండా తంగేడు చెక్క, కరక్కాయలు కలిపి నీళ్ళలో ఉడకబెట్టి, ఆ వగరు రసంలో వలలను నానబెట్టి ఎండేసేవాళ్ళు. ముత్తుకూరు దాటి ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ పోతే సముద్రం ఒడ్డున వచ్చే మా పల్లెలో ఆ పని మా అత్తది. అంత వలలు పట్టే రాగి గంగాళం ఊళ్ళో ఒక్కటే ఉండేది. అది ఆమె అత్తగారింటిది. అమావాస్యనాడు ఎవరూ వేటకు పోరు గనక ఆ రోజు ఊళ్ళో వలలన్నీ ఆమె వాకిట్లో చేరేవి. రసంలోంచి తీసిన ప్రతి వల మీదా తడి అరచెయ్యి ఒకసారి అదిమేది. ఆమె చెయ్యి పడని వల నీళ్ళు తాకకూడదని ఊరి నమ్మకం.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మా మామ జ్వరమొచ్చి పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. తెల్లవారి వేటకు పోయేటప్పుడు మొగుడు పోయిన మనిషి ఎదురొస్తే తెడ్లు కింద పెట్టి వెనక్కి తిరిగే ఊరు అది. అలాంటి ఊళ్ళో మా అత్త ఒక్కతే ఎవరికి ఎదురొచ్చినా ఫర్వాలేదు. ఆమె నుదురు చూడరు, చేతులు చూస్తారు. "అక్క ఎదురొచ్చింది, పదండి" అని ముందుకు పోతారు. పొరుగింట్లో ఆమె ఈడుదే ఇంకొక విధవ ఉండేది. పడవలు నీళ్ళలోకి దిగేదాకా ఆ మనిషి తలుపు తీసేది కాదు. మా అత్తకూ ఆ తలుపుకూ మధ్య అడ్డం ఉన్నది ఆ గంగాళమే.

నాన్నకు నెల్లూరులో ఐసు కంపెనీలో ఉద్యోగం కావడంతో మేం అక్కడ కాపురం ఉండేవాళ్ళం. సెలవులొస్తే నేను అత్త దగ్గర వాలిపోయేదాన్ని. అరవైల నడిమికి నేను బీయస్సీలో చేరాను. వృక్షశాస్త్రం. మా వాళ్ళలో ఆడపిల్ల కాలేజీకి పోవడం అదే మొదలు. ఊరంతా నన్ను డాక్టరే అనుకుని నాలుకలు చాపి చూపించేవాళ్ళు. నేను చదివేది ఆకుల గురించి అని చెబితే, "అయితే ఆకు మందే రాసియ్యి" అనేవాళ్ళు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరి మాటా. కోపమే కాదు, ఆ ముక్కు కూడా మా అత్తదే.

గంగాళానికి తోడు ఇంకొకటి ఉండేది, తల్లి కుండ. వంటింటి మూలలో వరిగడ్డి చుట్ట మీద, మెడకు పసుపు, కుంకుమ బొట్లతో కూర్చుని ఉండేది. ప్రతిసారీ వలలు ముంచాక మిగిలిన రసంలో ముంతెడు తీసి అందులో పోసేవాళ్ళు. మళ్ళీ అమావాస్యకు కొత్త రసం కాచి దించి, గోరువెచ్చగా అయ్యాక తల్లి కుండలోంచి ముంతెడు తీసి గంగాళంలో కలిపేవాళ్ళు. పాలకు తోడు వేసినట్టన్నమాట. తోడు లేనిదే పాలు పెరుగు కానట్టే, తల్లి రసం లేనిదే చెక్క రసానికి పట్టు రాదని మా అత్త వాదన. మరుగుతుండగా ఎందుకు పొయ్యకూడదని ఒకసారి అడిగాను.

"కాగే పాలల్లో తోడేస్తే ఏమవతాదిమే? కాలేజీలో అది కూడా చెప్పలేదా?" అన్నది.

ఆ కుండ మీద దళసరిగా, నల్లగా, అక్కడక్కడా పచ్చగా ఒక తెట్టు ఉండేది. మా అత్త దాన్ని ఎంతో మర్యాదగా పక్కకు జరిపి ముంత ముంచేది. మీగడ అన్నట్టుండేది చూపు.

నేను రెండో ఏడాదిలో ఉండగా మొదలైంది గొడవ. వలలు కుళ్ళిపోతున్నాయి. మూడు నాలుగు కాలాలు వచ్చే నూలు ఒక్క వానాకాలానికే పీలికలవుతోంది. ముందు ఎవరి వల వాళ్ళు సరిగ్గా ఎండబెట్టలేదని ఒకరినొకరు తిట్టుకున్నారు. తరవాత చలికాలంలో అలివి వల చినిగింది. ఒడ్డున నిలబడి రెండువైపులా ఊరంతా కలిసి తాళ్ళతో లాగే పెద్ద వల అది. ప్రతి ఇంటివాళ్ళూ తలొక ముక్కా అల్లి కలిపినది. నేను సెలవులకు వచ్చి ఉన్నాను, నేనూ ఒక తాడు పట్టుకున్నాను. వల నిండా కవళ్ళ చేపలు పడ్డాయి, నీళ్ళు వెండిలా తళతళలాడుతున్నాయి, అందరి నోళ్ళలోనూ పాట. అంతలో నీళ్ళలోంచి ఎవరో దుప్పటి చించినట్టు చప్పుడు. తాళ్ళు ఒక్కసారిగా తేలికైపోయాయి. ఊరు ఊరంతా వెల్లకిలా పడింది. ఊరిపెద్ద ఒకవైపు, ఆయన పంచె ఒకవైపు. చేపలు మాత్రం ఏ తొందరా లేకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయాయి.

నాకు నవ్వాగలేదు. ఇసకలో కూర్చుని కళ్ళద్దాలు జారిపోయేలా కడుపుబ్బ నవ్వాను. అది నా ప్రాణం మీదికొచ్చింది. కళ్ళద్దాల పిల్ల వలకు ఎదురుగా నిలబడింది గదా, అందుకే చినిగిందని ఒక ముసలాయన తేల్చేశాడు. "కళ్ళద్దాలు నీకూ పెట్టిస్తా, అప్పుడన్నా కుళ్ళిన దారం కనబడతాది" అని నేను ఒంటికాలి మీద లేచాను. దాంతో సంగతి కళ్ళద్దాలను వదిలి దారం మీదికి మళ్ళింది. దారం మీది నుంచి రసం మీదికి, రసం మీది నుంచి మా అత్త మీదికి. నోరు మూసుకుని ఉంటే అంతదూరం వచ్చేది కాదేమో.

మర్నాడు ఊరిపెద్ద మా వాకిట్లోకి వచ్చాడు. మర్యాదస్థుడు. చెప్పులు బయట విడిచి, తుండు భుజం మీది నుంచి తీసి మాట్లాడాడు.

"అక్కా, తప్పుగా అనుకోబాక. కుళ్ళినకాడల్లా కోసేసి కొత్త నూలుతో అతుకులేపిస్తా. ఈ ఒక్క తూరి ముంచు. మళ్ళా చినిగిందా, ఇంక నూలు వద్దు. ఆ పక్క ఊరోళ్ళు నైలాను దారం తెచ్చినారంట. దానికి చెక్కా అక్కర్లేదు, రసమూ అక్కర్లేదు."

"మరి నా గంగాళం?"

ఆయన తుండు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "వడ్లు ఉడకేసుకోను పనికొస్తాది గదా."

ఆయన వెళ్ళాక మా అత్త నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పొరుగింటి మూసిన తలుపు వంక చూస్తూ కూర్చుంది. ఆ పూట అన్నం తినలేదు. నాకు భయమేసింది. మా అత్త అన్నం మీద అలగడం నేనెప్పుడూ చూడలేదు. కోపమొస్తే ఇంకొంచెం ఎక్కువే తినే మనిషి.

చినిగిన వలలోంచి మూరెడు ముక్క కోసి సంచీలో పెట్టుకుని నెల్లూరు బస్సెక్కాను. కంపు చూసి కండక్టరు, "ఏంది పాపా, సంచీలో ఎవుర్నన్నా చంపి తెస్తుండావా?" అన్నాడు. నా పక్క సీటు నెల్లూరు దాకా ఖాళీయే. అంత సుఖంగా ఆ బస్సులో మళ్ళీ ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.

మా వృక్షశాస్త్రం మాస్టారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వాసన చూస్తున్నట్టు ముక్కు ముందుకు పెట్టి నడిచేవారు. అందరూ పూలు, కాయలు చూపించి పాఠం చెబితే ఆయన రొట్టె మీద బూజు, చెప్పు మీద బూజు, ఆఖరికి తన గొడుగు మీద బూజు చూపించి చెప్పేవారు. బూజులను "వీరు", "వారు" అనే అనేవారు. పిల్లలను మాత్రం "ఏయ్" అనేవారు. నా సంచీ విప్పగానే ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది.

"ఎక్కడ దొరికారు వీరు?" అన్నారు.

గాజు పళ్ళేల్లో చెక్క రసం కలిపిన జిగురు పోసి, ఒకదానిలో మామూలు రొట్టె బూజు, ఇంకొకదానిలో మా వల బూజు వేసి మూతలు పెట్టారు. కొన్నాళ్ళకు పిలిచి చూపించారు. రొట్టె బూజు వేసినచోటే ముడుచుకుపోయి ఉంది. మా ఊరి బూజు నల్లగా, పెళ్ళిపందిట్లో జంపఖానా పరిచినట్టు పళ్ళెం నిండా పరుచుకుంది. చుట్టూ ఉన్న ఇటుకరంగు పలచబడి పోయింది.

"చెట్టు పారిపోలేదు, కరవలేదు. అందుకని చెక్కలో వగరు దాచుకుంటుంది," అని మొదలుపెట్టారు మాస్టారు. "పచ్చి కరక్కాయ కొరికితే నీ నోరెలా పిడచగట్టుకుపోతుందో, ఆ వగరు తగిలితే బూజు నోరూ అలాగే కట్టుబడిపోతుంది. చెట్టు తనకోసం చేసుకున్న ఆయుధాన్ని మీవాళ్ళు తెచ్చి దారానికి కాపలా పెట్టారు."

"మరి వీళ్ళెట్లా తిన్నారు సార్?" నాకూ ఆ మర్యాద అంటుకుంది.

"అదే గొప్ప. వీరు ఒంట్లోంచి ఒక ఎంజైము వదులుతారు. అది వగరును ముక్కలు ముక్కలు చేస్తుంది. ముక్కలయ్యాక అది విషం కాదు, ఫలహారం. ముందు కాపలావాడిని తిని, తరవాత తీరిగ్గా ఇంట్లోకి దూరి దారాన్ని తింటారు." ఆయన గొంతు తగ్గించారు, ఎవరి ఇంటి గుట్టో చెబుతున్నట్టు. "ఇంకో సంగతి. వీరికి చక్కెర పెట్టి పెంచామనుకో, ఆ ఎంజైము ఊసే ఎత్తరు. అనవసరంగా వంట చెయ్యరు. వగరు తగిలిందా, అప్పుడు పొయ్యి ముట్టిస్తారు. మీ ఇంట్లో ఎవరైనా అంత పొదుపుగా ఉంటారా?"

"మా అత్త ఉంటుంది సార్."

"ఆమెనే అడగాలి. వీరికి ఇంత చక్కగా ట్యూషన్ చెప్పింది ఎవరు? ఆ రసం ఎలా కాస్తారో మొదటినుంచీ చెప్పు."

చెప్పాను. తంగేడు చెక్క, కరక్కాయ, గంగాళం, పొయ్యి. మరగడం దగ్గర తల ఊపారు. దించి చల్లార్చడం దగ్గర కూడా ఊపారు. తల్లి కుండ దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"మీగడ ఉంటుందన్నావా?"

"నల్లగా ఉంటుంది సార్."

"అమ్మా, అది బడి! ఏ గాలికో రకరకాల బూజులు వచ్చి అందులో పడి ఉంటాయి. వగరు పడనివి పోయాయి. పడ్డవాళ్ళు ఇన్నేళ్ళుగా నేర్చుకుని ఇప్పటికి ఆరితేరారు, వంశం నిలబెట్టుకున్నారు. వారిని మీ అత్తగారు పసుపు కుంకుమలతో మేపి, ప్రతి అమావాస్యకీ ముంతెడు తీసి ఊళ్ళో వలలన్నిటికీ స్వయంగా పంచుతున్నారు. గోరువెచ్చగా ఉన్నప్పుడు! వారికి జలుబు చెయ్యకుండా!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వలలను కాపాడే చెయ్యి అని ఊరు మొక్కే చేతితోనే మా అత్త రోగం పంచుతోంది. ఈ మాట బయటపడితే గంగాళం సంగతి దేవుడెరుగు, మా అత్తను ఎవరూ ఎదురు రానివ్వరు. తల్లి రసాన్ని కూడా మరగబెడితే చాలునా అని అడిగాను. చాలునన్నారు, కుండనూ మరగబెట్టాలన్నారు. వెళ్తుంటే వెనకనుంచి పిలిచి, "ఈ పళ్ళెం నేనుంచుకోనా? ముత్తుకూరు వారిని పారబొయ్యబుద్ధి కావడం లేదు" అన్నారు.

శనివారం పల్లెకు పరుగెత్తాను. మా అత్తకు నేను ఎంజైము గురించి చెప్పిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీద కాదు, ఎంజైముకు తెలుగులో నోరు తిరిగే మాట లేనందుకు. కాపలావాడినీ దొంగనూ పెట్టి చెప్పాను. వగరును నరికే కత్తి అని చెప్పాను. ఆమె చేపలకు ఉప్పు పట్టిస్తూ అంతా విన్నది. ఆఖరున, "అయితే ఆ కుండలో ఉండేది దొంగంటావు?" అన్నది.

"అవునత్తా."

"మా అత్త చచ్చిపోతా నా చేతిలో పెట్టిన కుండ. దాన్ని ఎండనీబాక అని చెప్పి కన్ను మూసింది. ఆమెకు వాళ్ళ అత్త ఇచ్చింది. అందరూ కలిసి దొంగను సాకినారంటావు?"

ఒట్టి మాటలు పనిచేయవని రెండు ముంతల్లో కొత్త రసం పోసి, ఒకదానిలో మాత్రం తల్లి కుండలోంచి గరిటెడు కలిపి, రెండిటిలోనూ నూలుదారం వేసి, మూతలు పెట్టి వెళ్ళాను. మళ్ళీ వచ్చేసరికి మొదటి ముంత తేటగా ఉంది. రెండోదాని మీద నల్లటి తెట్టు. విజయగర్వంతో మూతలు తీసి చూపించాను. మా అత్త రెండిటినీ చూసి, రెండోదాన్ని ముద్దుగా చేతిలోకి తీసుకుంది.

"చూసినావా? తల్లి వేసింది ఎంత బాగా తోడుకుందో! ఇది చూడు, ఉత్త నీళ్ళు!"

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "ఆగు, దారం తీసి లాగు!" అని అరిచాను. మొదటి దారం ఆమె రెండు చేతులా లాగినా తెగలేదు. రెండోది వేళ్ళతో పట్టుకోగానే ఉడికిన సేమ్యాలా విడిపోయింది. ఆమె ఆ రెండు ముక్కలనూ ఇటుకరంగు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. అప్పుడు నాకు గెలిచినట్టనిపించలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నది మెల్లగా.

"కుండలో ఉన్నది కూడా మరగబెట్టత్తా. ప్రతిసారీ."

"తల్లిని ఉడకబెట్టమంటావా!" గొంతు మళ్ళీ లేచింది. హమ్మయ్య అనుకున్నాను. "నీ చదువు తగలెయ్య! రేపు నన్ను కూడా గంగాళంలో ఏసి ఉడికేస్తావా?"

"నువ్వుడకవు!" అని నేనూ అరిచాను. "అయితే పారబొయ్యి!"

"పారబొయ్యాలంట! మూడు తరాల ఆడోళ్ళు కాపాడిన దాన్ని!"

ఇద్దరివీ ఒకే ముక్కులు. ఎర్రబడిపోయాయి. నేను సంచీ తీసుకుని బస్సుకు బయలుదేరాను. సరిగ్గా అప్పుడే మా పెరటి అవతలి ఇంట్లోంచి చెవులు చిల్లులు పడేలా కేక వినబడింది. ఆ ఇంటి కూతురు పురుడు పోసుకుని ఉంది. వాళ్ళమ్మ బాలింత స్నానం చేయిస్తోంది. "అమ్మా కాలతా ఉండాది! ఇంక పొయ్యబాకే!" అని పిల్ల. "కుతకుతలాడాల! లేకుంటే ఒంట్లో చెడంతా యాడికి పోతాది?" అని తల్లి. మళ్ళీ నీళ్ళ చప్పుడు. మళ్ళీ కేక.

మా అత్త నోరు తెరిచి నన్ను తిట్టబోతున్నదల్లా అలాగే ఆగిపోయింది. వంటింటి మూల వైపు చూసింది. నా వైపు చూసింది.

"ఏమే," అన్నది. "ఇది ప్రతి అమావాస్యకీ కంటానే ఉండాది గదా. మా అత్త కాలం నుంచీ, వాళ్ళ అత్త కాలం నుంచీ. ఒక్కనాడన్నా పురిటి నీళ్ళు పోసినామా దీనికి?"

నేను సంచీ కింద పెట్టాను. మా మాస్టారు చెప్పలేని మాట అది, నాకు తట్టని మాట.

"పొయ్యలేదత్తా," అన్నాను వీలైనంత గంభీరంగా.

"మరి చెడ్డ చెయ్యదా? పచ్చి బాలింతను ఏళ్ళ తరబడి మూలన కూర్చోబెట్టి, పాపం, స్నానం లేకుండా!"

ఆ అమావాస్యకు తల్లి కుండకు పురిటి స్నానం జరిగింది. ముందు గంగాళాన్ని చింతపండు పెట్టి తోమింది. కుండలోని రసం, తెట్టుతో సహా, గంగాళంలో మరుగుతున్న రసంలోనే ఒంపేసింది. ఒంపేటప్పుడు కళ్ళు మూసుకుంది. ఖాళీ కుండలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి, మూత లేచి ఎగిరేదాకా మరిగించింది. తరవాత బాలింతకు వేసినట్టే సాంబ్రాణి పొగ వేసింది. వచ్చిన ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు గానీ, పురిటి స్నానమంటే కాదనే ధైర్యం ఎవరికుంది? ఒక ముసలమ్మ మాత్రం, బాలింతలకు పెట్టే మందు గుర్తొచ్చి, "కాయం కూడా పెట్టరాదా?" అని అడిగింది. మా అత్త ఒక్క క్షణం ఆలోచనలో పడింది. ఎంజైములకు కాయం మీద ఏం అభిప్రాయమో నాకు తెలియదు గనక నేను నోరు మెదపలేదు.

వేడి తగ్గి రసం గోరువెచ్చన అయ్యాక అందులోంచే ముంతెడు తీసి కుండలో పోసింది. "తల్లి యాడికీ పోలేదు, కుండలోనే ఉండాది," అన్నది. లెక్క ప్రకారం అందులో పాత తల్లి ఒక్క బొట్టయినా బతికి లేదు. ఆ లెక్క నేను చెప్పలేదు. ఊరిపెద్ద అతుకులేయించిన అలివి వలను ముంచి, చెయ్యి అదిమింది.

వల లాగిన రోజు నేను నెల్లూరులో పరీక్షలో ఉన్నాను. ఏం రాశానో గుర్తు లేదు. వారం తరవాత ఐసు కోసం వచ్చిన మా ఊరి మనిషి కంపెనీ గేటు దగ్గర నాన్నతో చెబుతుంటే విన్నాను. "వల గట్టిగా ఉండాదన్నా. కవళ్ళు ఎన్ని పడినాయని! ఊరంతా గంపలకొద్దీ మోసినారు. ఒక్క దారం తెగలేదు." నేను అక్కడే ఐసు దిమ్మ మీద కూర్చుండిపోయాను. చీర తడిసిందని ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

ఆ కాలమంతా వల ఆగింది. మరుసటి కాలం కూడా ఆగింది. తల్లి కుండ మీద మాత్రం మీగడ కట్టడం మానేసింది. మా అత్తకు అది కొంచెం వెలితిగా ఉండేది. "ఆ నల్లోడు మీ కాలేజీలో ఉండాడన్నావే, వాడికి ఏం పెడతా ఉండారు?" అని ఒకసారి అడిగింది. చెక్క రసమే పెడుతున్నారని చెప్పాను. "పోన్లే, బాగానే చూసుకుంటా ఉండారు," అని తృప్తిపడింది. మా మాస్టారికి ఈ మాట చెబితే, "మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు, వారు కులాసా" అన్నారు.

వల ఆగింది గానీ నైలాను ఆగలేదు. మా రసంలో లోపం లేకపోయినా అది వచ్చేదే. చుట్టుపక్కల పల్లెలన్నీ ఒకటొకటిగా మారాయి. నేను చదువు ముగించి బళ్ళో ఉద్యోగంలో చేరిన ఏడాది మా ఊళ్ళోనూ కొత్త వల అల్లారు. తెల్లగా, నున్నగా, పట్టుకుంటే జారిపోయే వల. ఆ కబురు తెలిసి అత్త దగ్గరికి పోయాను. అనుకున్నట్టే గంగాళం బోర్లించి ఉంది. ఆమె గడపలో కూర్చుని తన చేతులు చూసుకుంటోంది. అప్పటికే అంచుల్లో రంగు పలచబడుతోంది.

"వడ్లు ఉడకేసుకోను పనికొస్తాదిలే," అన్నది, నేనేమీ అడగకముందే.

అది అమావాస్య. పెద్ద ఎండగా ఉంది. వాకిట్లో అలికిడైతే తల ఎత్తి చూశాం. ఊరిపెద్ద చెప్పులు బయట విడిచి, తుండు తీసి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక నలుగురు మనుషులు, వాళ్ళ భుజాల మీద ఆ తెల్లటి నైలాను వల. ఇంకొకడి నెత్తిన తంగేడు చెక్క మోపు.

"అక్కా, రసం పెట్టు," అన్నాడు ఊరిపెద్ద.

నాలోని బీయస్సీ లేచి కూర్చుంది. నైలానును ఏ బూజూ తినలేదు, దానికి ఏ మందూ అక్కర్లేదు, పైగా ఆ రసం దానికి పట్టదు కూడా. ఇదంతా చెప్పడానికి నోరు తెరిచాను. మా అత్త నా తొడ మీద గట్టిగా గిల్లింది. ఆ మచ్చ వారం రోజులుంది.

గంగాళం తిరగబడింది. పొయ్యి మండింది. తల్లి కుండ స్నానం చేసింది. మా అత్త ఆ తెల్లటి వలను రసంలో ముంచి, నానబెట్టి, పైకి తీసింది. రసం బొట్టు బొట్టుగా జారిపోయి, వల తెచ్చినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉంది. ఇంకోసారి ముంచింది. మళ్ళీ అంతే. ఇటుకరంగు ఎక్కింది ఆమె చేతులకు మాత్రమే.

"దీనికి పట్టదబ్బయ్యా," అన్నది ఊరిపెద్దతో.

ఆయన వలను చూడనే లేదు. "దానికి పట్టకపోతే పోనీ అక్కా. నీ చెయ్యి తగిలింది గదా," అన్నాడు. "రేపు తెల్లారి పోతా ఉండాం. రొవంత ముందే లేచి ఎదురు రా."